రిజిస్టరులో పేరు రాయని పూర్వ విద్యార్థులు

కులం పేరెత్తకుండా వుంటే కులం దానంతటదే పోతుందని నమ్మేవాళ్ళు రెండు చోట్ల కనిపిస్తారు. ఒకటి క్రైస్తవ కళాశాలల పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో. రెండోది, చెప్పటానికి కష్టంగానే వుంది, మన అభ్యుదయ శిబిరంలో. మొదటివాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. వాళ్ళు తమ ప్రయోజనం తెలిసే ఆ మాట అంటున్నారు. తమ ప్రయోజనానికి విరుద్ధంగా కూడా అదే మాట అంటున్న రెండోవాళ్ళతోనే నా వాదం.

పోయిన క్రిస్మస్ సెలవుల్లో పలాసలో, రైలు స్టేషనుకు దగ్గరగా వున్న ఒక లాడ్జి మేడమీది గదిలో మేం పదకొండుమందిమి కలుసుకున్నాం. అందరం ఉద్దానంనుంచో, టెక్కలి చుట్టుపక్కలనుంచో దక్షిణానికి పోయి, కోస్తా జిల్లాల క్రైస్తవ కళాశాలల్లో చదువుకొని తిరిగి వచ్చినవాళ్ళం. అందరం మాల, రెల్లి, పైడి కులాలవాళ్ళం. ఇద్దరు పంతుళ్ళు, ఒక నర్సు, ఒక రైల్వే గార్డు, జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఒకాయన, డిగ్రీ చేతిలో పెట్టుకొని తిరుగుతున్న కుర్రవాళ్ళు కొందరు. దళిత పూర్వ విద్యార్థులకు ఒక సంఘం వుంటే ఎలా వుంటుందని మాట్లాడుకున్నాం. అంతే జరిగింది.

ఆ సంగతి విని ఒక మిత్రుడు నాకు ఉత్తరం రాశాడు. మిత్రుడన్నానేగాని, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఆయన. ఉపాధ్యాయోద్యమంలో తల పండినవాడు. బొడ్డపాడు స్తూపం దగ్గరికి నన్ను మొదటిసారి చెయ్యి పట్టుకొని తీసుకుపోయినవాడు. పూర్వ విద్యార్థుల సంఘమే ఒక మధ్యతరగతి కాలక్షేపం, అందులో మళ్ళీ కులానికొక సంఘమా, శ్రామికవర్గాన్ని చీల్చటానికి పాలకులు చేస్తున్నది చాలకనా మీరు కూడా ఒక చెయ్యి వెయ్యటం అని ఆయన ఆక్షేపణ.

మాస్టారి మాట తేలిగ్గా తోసేసేది కాదు. కాని చీలిక ఎవరు తెచ్చారన్న ప్రశ్న వుంది చూడండి, దానికి ఆయన తేదీ తప్పు వేశారు.

మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పాఠశాల తెరిచాడు. నోబుల్ కాలేజికి అదే మొదలు. తెలుగునాట ఇంగ్లీషు చదువుకు అది తొలి మెట్లలో ఒకటని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆయన అస్పృశ్య కులాల పిల్లలను అందులో చేర్చుకోలేదన్న సంగతి మాత్రం అంత గర్వంగా చెప్పుకోరు. ముందు పై కులాలు మారితే ఆ వెలుగు మెల్లగా కిందికి దిగుతుందని ఆయన లెక్క. జరిగింది తలకిందులు. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ కరువు వెనకే ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో జాన్ క్లౌ ఆధ్వర్యాన 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. అంటే సంఘం కిందనుంచి నిండింది, కళాశాల పైనుంచి నిండింది. ఒకే సిలువ కింద వున్న ఈ రెండు వరసలు ఎక్కడ కలుస్తాయి? చర్చిలో కలుస్తాయని మనకు చెప్పారు. తెలుగు కాథలిక్కుల్లో దళితులే ఎక్కువమంది. ఆ సమాజంలోనుంచి ఒక దళితుడు కార్డినల్ కావటానికి 2022 దాకా పట్టింది. హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ తెలుగువాళ్ళలోనే కాదు, భారతదేశమంతటిలో మొదటి దళిత కార్డినల్. ఇంత ఆలస్యాన్ని మా లాడ్జి గదిలో మేం తయారు చెయ్యలేదు కదా!

మా వైపు పనిచేసింది కెనడా బాప్టిస్టు మిషన్. టెక్కలి, సోంపేట, పర్లాకిమిడి దాని కేంద్రాలు. 1874లో కాకినాడ వచ్చిన జాన్ మెక్లారిన్‌తో ఆ చరిత్ర మొదలుపెట్టటం ఆనవాయితీ. అంతకుముందే టెలిగ్రాఫు శాఖలో వుద్యోగం వదులుకొని అక్కడ పని మొదలుపెట్టినవాడు థామస్ గేబ్రియల్ అనే తెలుగువాడు. కెనడావాళ్ళను రమ్మని పిలిచిందీ ఆయనే. మెక్లారిన్ పేరిట కాకినాడలో హైస్కూలు వుంది. గేబ్రియల్ పేరు చెబితే మా పదకొండుమందిలో ఇద్దరు విన్నామన్నారు. మా చరిత్ర మాకే తెలియకుండా పెరిగామని అనటానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నేను చదివిన కళాశాల పేరు చెప్పను, ఎందుకంటే ఈ కథ ఆ ఒక్క కళాశాలది కాదు. కొన్నేళ్ళ కిందట అక్కడ పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టి నన్నూ పిలిచారు. దళసరి కాగితంమీద సంచిక వేశారు. డాక్టర్లు, న్యాయమూర్తులు, కాంట్రాక్టర్లు, సినిమా నిర్మాతలు, అందరి ఫోటోలూ వున్నాయి. మాలాంటివాళ్ళం నాలుగేళ్ళు చారు నీళ్ళు తాగి చదివిన హాస్టలు గురించి ఒకే ఒక్క వాక్యం వుంది, అందులో దాని పేరు 'పేద విద్యార్థుల వసతి'. వేదికమీద ఒక పెద్దమనిషి మన కళాశాలలో ఏనాడూ కులం లేదన్నాడు. చప్పట్లు మోగాయి. నా పక్కన కూచున్న నా పాత గది మిత్రుడు కూడా చప్పట్లు కొట్టాడు, నేనూ కొట్టాననుకుంటాను. భోజనాలవేళకు వియ్యాలు కలిసేవాళ్ళు ఒక బల్ల, కలిసి వ్యాపారాలు చేసేవాళ్ళు ఒక బల్ల, హాస్టలువాళ్ళం చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా ఒక బల్ల. అక్కడ కులసంఘం లేదంటారా మాస్టారూ? వుంది. పేరు పెట్టుకోవలసిన అగత్యం లేనంత బలంగా వుంది. పేరు పెట్టుకోవలసి వచ్చేది బలహీనుడికే.

జాషువాను ఏటా నేను తరగతిలో పాఠం చెబుతాను. కులం చూసి హిందువులూ, పురాణ కథలు రాశాడని క్రైస్తవులూ ఆయన్ను దూరంగా పెట్టారని చెప్పినప్పుడు పిల్లలు అది పాతకాలపు ముచ్చటగా రాసుకుంటారు. పరీక్షలో మూడు మార్కులు వస్తాయి.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో బెరియా అనే క్రైస్తవ కళాశాల వుంది. బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ ఫీ 1855లో దాన్ని మొదలుపెట్టాడు. మానవులందరిదీ ఒకే రక్తమనే అర్థం వచ్చే బైబిలు మాట దాని ఆశయవాక్యం. అంతర్యుద్ధం ముగిశాక నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందులో కలిసి చదువుకున్నారు. అది కన్నెర్రగా వున్న తెల్లదొరలు 1904లో రాష్ట్ర శాసనసభచేత డే చట్టం చేయించి, రెండు జాతులూ కలిసి చదవటాన్నే నిషేధించారు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందన్నది. నల్లజాతి విద్యార్థులు తిరిగి ఆ గడప తొక్కటానికి 1950 దాకా ఆగవలసి వచ్చింది. ఇక్కడ నాకు ముఖ్యమైనది చట్టం కాదు, ఆ కళాశాలలో చదివిన నల్లవాళ్ళు ఏం చేశారన్నది. బెరియా పట్టభద్రుడైన జేమ్స్ బాండ్ తమ పిల్లలకు లింకన్ ఇన్‌స్టిట్యూట్ అనే మరో విద్యాలయం కట్టటానికి చందాలు పోగుచేశాడు. 1903లో, అంటే తలుపులు మూసే ముందటి ఏడాది, బెరియాలో పట్టం పుచ్చుకున్న కార్టర్ వుడ్‌సన్ మాజీ బానిసల కొడుకు, బొగ్గుగనిలో పనిచేసినవాడు. ఆయన 1915లో నల్లవాళ్ళ జీవితాన్నీ చరిత్రనూ అధ్యయనం చేసే సంఘం పెట్టాడు. 1926లో నల్లవాళ్ళ చరిత్రకని ఆయన మొదలుపెట్టిన వారమే తర్వాత నెల అయింది. కలిసి చదివిన తెల్ల మిత్రులను వదిలిపెట్టాడని వుడ్‌సన్‌ను చీలికవాదిగా మనమెవరమైనా లెక్కవేశామా? పైగా ఆయన్ను మన సభల్లో పొగుడుతాం. దూరపు కొండలు నునుపు మరి.

అయితే అమెరికాతో పోలిక ఒకచోట తెగిపోతుంది. ఈ వ్యాసం రాయటానికి అసలు కారణం ఆ చోటే.

ఆ రోజు లాడ్జి గదిలో ఒక రిజిస్టరు తిప్పాం. పేరు, ఊరు, చదివిన కళాశాల, సంవత్సరాలు. నలుగురు పొడి అక్షరాలు రాశారు. ఒకావిడ కళాశాల పేరు రాయవలసిన గడిలో అడ్డగీత గీసింది. ఒకాయన పెన్ను పక్కవాడి చేతిలో పెట్టి, టీ చెప్పి వస్తానని కిందికి దిగాడు. టీ వచ్చింది, ఆయన రాలేదు.

ఆయన పిరికివాడు కాదు. 1950 ఆగస్టు 10నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఒకటి వుంది. హిందూమతం కాక వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డు కులంవాడు కాడని దాని తాత్పర్యం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గేటు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లిములకూ తెరవలేదు. క్రైస్తవుడైన దళితుడు మన రాష్ట్రంలో బి.సి. 'సి' గ్రూపులోకి పోవాలి; అక్కడ అతనికీ అతనివంటి అందరికీ కలిపి నూటికి ఒక్క వంతు. పేటలో పుట్టి, పేటలో బతికి, పేటలోనే చచ్చేవాడు ఆదివారంనాడు చర్చికి పోతే అతని కులం పోతుందట! ఊరికి మాత్రం ఆ కబురు అందలేదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవటం రాజ్యాంగాన్ని మోసగించటమేనన్నది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవాడికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అన్నది. తిట్టినవాడు పాస్టరును మతంతో తిట్టలేదు సుమా, కులంతో తిట్టాడు.

ఇప్పుడు ఆలోచించండి. క్రైస్తవ కళాశాలలో చదివినంతమాత్రాన ఎవడూ క్రైస్తవుడు కాడు, నిజమే. కాని క్రిస్మస్ సెలవుల్లో, దళిత పూర్వ విద్యార్థులమంటూ, పాస్టరుగారి ప్రార్థనతో మొదలైన సభలో సంతకం పెడితే, గిట్టనివాడి చేతిలో ఆ కాగితం ఏమౌతుంది? అమెరికా నల్లవాడి చర్మం రంగును ఏ సభ రిజిస్టరూ మార్చదు. మా రిజిస్టరు ఒక మనిషి వుద్యోగాన్ని మార్చగలదు. నేను పూర్తి పేరు రాశాను. అందులో ధైర్యం ఏమీ లేదు. మా తాత సువార్తికుడు గనక మొదటినుంచీ నాది బి.సి. 'సి' పత్రమే. పోయేది లేనివాడి ధైర్యం చౌక.

ఇక వర్గం మాట. 2012 జూన్ 12న, అప్పటికి మన జిల్లాలోనే వున్న వంగర మండలం లక్ష్మింపేటలో, మడ్డువలస రిజర్వాయరు ముంపు భూముల తగాదాలో అయిదుగురు దళితులను చంపారు. దాడిచేసినవాళ్ళు జమీందారులు కారు. వాళ్ళలోనూ చిన్న రైతులే వున్నారు. మందసలో 1940లో జమీందారీని ఎదిరించి పోలీసు కాల్పుల్లో చనిపోయిన గున్నమ్మ కథకు పనికివచ్చిన సూత్రం లక్ష్మింపేట దగ్గర ఒంటిచేత్తో నడవదు. దాన్ని ఒప్పుకుంటే మార్క్సిజానికి వచ్చే నష్టమేమీ లేదు. ఒప్పుకోకపోతే పేటల్లో మన మాట వినేవాడు మిగలడు. బొడ్డపాడులో పంచాది కృష్ణమూర్తినీ, నిర్మలనూ, సుబ్బారావు పాణిగ్రాహినీ పేరుపేరునా తలుచుకోవటం మాకు నేర్పింది మాస్టారే. చనిపోయినవాళ్ళ జాబితా మనకు పవిత్రం. బతికున్నవాళ్ళు జాబితా రాసుకుంటామంటేనా అనుమానం?

అయితే మాస్టారి ఆక్షేపణలో సగం నిజం వుంది, అది మావాళ్ళు వినాలి. ఆ గదిలో మొదట వచ్చిన ప్రతిపాదన ఏమిటంటారా? విశాఖపట్నంలో మంచి హోటలులో కుటుంబసమేతంగా విందు, పదవీ విరమణ చేసినవాళ్ళకు శాలువాలు. శాలువాలకోసమైతే ఇంకో సంఘం ఎందుకు, ఆ దళసరి సంచికలో మన ఫోటో వెయ్యమని దేబిరిస్తే సరిపోతుంది. మా అమ్మ జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించింది. పిక్కల రసం తినేసిన ఆమె వేళ్ళకు రేషను దుకాణంలో ముద్ర పడదు. ఆ పని చేసే ఆడవాళ్ళ పిల్లలు ఇప్పటికీ కాశీబుగ్గలో ఇంటర్మీడియట్ దాకా వచ్చి ఆగిపోతున్నారు. కిడ్నీ జబ్బుతో తండ్రి డయాలిసిస్‌కు తిరుగుతుంటే పెద్దపిల్ల చదువు మానటం ఉద్దానంలో వింత కాదు. ప్రభుత్వంనుంచి ఫీజు డబ్బు రాలేదని కళాశాలలు సర్టిఫికెట్లు ఆపినప్పుడు అడగటానికి వెంట వెళ్ళే మనిషి కావాలి. ఏ కళాశాలలో ఏ హాస్టలు వుందో, ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పేవాడు కావాలి. పై కులాల పిల్లవాడికి ఇదంతా మేనమామ చెబుతాడు. మాకు ఆ మేనమామ లేడు. సంఘం పెట్టుకోవలసింది అందుకు. గదిలో సగంమందికి ఇది రుచించలేదు. విందుకు ఒప్పుకున్నవాళ్ళు ఏడుగురు, దీనికి చెయ్యెత్తినవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో ముగ్గురు వుద్యోగం లేని కుర్రవాళ్ళు.

మూడో పేరాను తీసెయ్యాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చాలని మన శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. మన పార్టీలు కూడా ఈ కోరికను సమర్థించినమాట నిజమే. కాని జీడి కార్మికుల కూలికి చేసిన ధర్నాల్లో పదో వంతైనా దీనికోసం పలాసలో చేశామా?

తర్వాతి సమావేశం టెక్కలిలో, జీడి కోతలు మొదలు కాకముందే పెడుతున్నాం. ఈసారి రిజిస్టరు వుండదు. ఒక తెల్లకాగితంమీద కళాశాల పేరు, సంవత్సరాలు, ఎంతమందో అంకె, అంతవరకే రాస్తాం. దానితోపాటు మూడో పేరా రద్దు చెయ్యమని కోరే అర్జీ ఒకటి బల్లమీద వుంటుంది. మాస్టారిని రమ్మని రాశాను. ఆయన క్రైస్తవ కళాశాలలో చదవలేదు, దళితుడూ కాడు. అర్జీమీద మొదటి సంతకం చేస్తే ఆయనకు పోయే పత్రం ఏదీ లేదు.