"నెట్ రాలేదు" అంటే ఏది రాలేదు?

మన కాలేజీలో రోజూ ఎక్కువగా వినిపించే మాట "నెట్ రాలేదు". తమిళంలో అయితే "నెట్ వరల". రెండు భాషలూ మాట్లాడే ఇంట్లో పెరిగాను కాబట్టి నాకు రెండూ ఒకటే మాట. వ్యాకరణం ప్రకారం అందులో కర్త ఉంది, నెట్. కానీ ఆ నెట్ అంటే ఏది? లాప్‌టాప్ లోపలి వైఫై కార్డా, హాస్టల్ గోడకి బిగించిన రూటరా, బయట కనెక్షన్ ఇచ్చిన కంపెనీనా? తెలుగు క్లాసులో ఏ వాక్యం ఇచ్చినా ముందు కర్త ఎవరు అని అడుగుతాం. ఈ వాక్యాన్ని మాత్రం అడగకుండా వదిలేస్తున్నాం. వదలకూడదని నా అభిప్రాయం. ఆర్ట్స్ చదివే మనం కూడా నాలుగు కమాండ్లు నేర్చుకోవాలి, అవి మనకి తెలుగులో చెప్పాలి.

ఇది సరదాకి అనడం లేదు. స్కాలర్‌షిప్ ఫారానికి ఈరోజే ఆఖరి రోజు అన్నప్పుడు నెట్ ఆగిపోతే మనం ఏం చేస్తాం? తమ్ముడినో బావనో పిలుస్తాం. లేదంటే లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపుకి వెళ్తాం. పాస్‌వర్డ్ చెప్పి, మన ఫోటోలు, సర్టిఫికెట్లు అన్నీ ఉన్న యంత్రాన్ని ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టి వస్తాం. ఏమైందన్నా అని అడిగితే "నీకు అర్థం కాదులేమ్మా" అంటారు. ఆ ఒక్క మాటకే నాకు కోపం. అర్థం కాకపోవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

మన ఇళ్ళలో లాప్‌టాప్‌లు చాలావరకు అక్కల దగ్గరనుంచి వచ్చినవే. 2011లో తమిళనాడు ప్రభుత్వం ఉచిత లాప్‌టాప్ పథకం మొదలుపెట్టినప్పుడు, వాటిలో విండోస్ పక్కన బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చింది. బాస్ అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. దాన్ని తయారుచేసింది సీడాక్, అంటే మన ప్రభుత్వ సంస్థే. అందులో తెలుగుకి కూడా చోటుంది. అయినా ఆన్ చేయగానే విండోస్ ఎంచుకుని, రెండోదాన్ని ముట్టుకోకుండా ఏళ్ళు గడిపేసిన ఇళ్ళు ఎన్నో. అందులో టెర్మినల్ అని ఒక నల్ల కిటికీ ఉంటుంది. మనం ఒక లైన్ రాస్తే అది జవాబు రాస్తుంది. ఇక్కడ కమాండ్లని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, ఐపీ తర్వాత ఒక ఖాళీ వదలాలి.

మొదటిది "ఐపీ లింక్". యంత్రానికి బయటికి వెళ్ళే గుమ్మాలు ఎన్ని ఉన్నాయో చూపిస్తుంది. వీటినే ఇంటర్‌ఫేస్ అంటారు. వైఫై గుమ్మం పేరు సాధారణంగా డబ్ల్యుతో, కేబుల్ గుమ్మం పేరు ఈతో మొదలవుతుంది. ఎల్ఓ అని ముందు కనిపించేది యంత్రం తనతో తాను మాట్లాడుకునే దారి, దాన్ని వదిలేయండి. మన గుమ్మం పక్కన అప్ అని ఉంటే తెరిచి ఉన్నట్టు, డౌన్ అని ఉంటే మూసి ఉన్నట్టు.

రెండోది "ఐపీ అడ్రస్". గుమ్మం తెరిచి ఉన్నా ఇంటికి డోర్ నంబరు లేకపోతే ఉత్తరం రాదు కదా. ఆ నంబరు ఉందా లేదా అని ఇది చెబుతుంది. ఇంట్లో, హాస్టల్లో మామూలుగా 192.168 తోనో 10 తోనో మొదలవుతుంది. 169.254 తో మొదలయ్యే నంబరు కనిపిస్తే, రూటర్ ఏమీ ఇవ్వక యంత్రం తనకు తానే పెట్టుకున్న నంబరు అని అర్థం.

మూడోది "ఐపీ రూట్". నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇది అచ్చం మన బస్టాండు. పల్లెలో ఎవరినైనా తెలియని ఊరికి దారి అడిగితే "ముందు ధర్మపురి బస్టాండుకి పో, అక్కడినుంచి చూసుకో" అంటారు. ఈ కమాండు చూపించే "డిఫాల్ట్ వయా" అనే లైను చెప్పేదీ అదే. దారి తెలియని ప్రతిదాన్నీ ముందు ఈ రూటర్ దగ్గరికి పంపు అని. మన బస్సు బోర్డు మీద తమిళంలో "వళి" అని ఉంటుంది, మనం "మీదుగా" అంటాం, యంత్రం "వయా" అంటుంది. ఆ లైను లేకపోతే గుమ్మం, నంబరు రెండూ బాగున్నా యంత్రం బయటి ఊరికి కదలలేదు.

ఒక్కోసారి అలాంటి లైన్లు రెండు ఉంటాయి. ధర్మపురినుంచి హోసూరుకి కృష్ణగిరి మీదుగానూ పోవచ్చు, పాలక్కోడు, రాయకోట మీదుగానూ పోవచ్చు. అలాంటప్పుడు యంత్రం లైను చివర ఉన్న మెట్రిక్ అనే అంకె చూసి, తక్కువ ఉన్న దారిలో పోతుంది. చాలా లినక్స్ యంత్రాల్లో కేబుల్‌కి 100, వైఫైకి 600 వేసి ఉంటుంది. అంటే రెండూ ఉంటే కేబులే ముందు.

ఈ అంకె వల్లే ఈమధ్య హాస్టల్లో ఒక స్నేహితురాలి పని తేలింది. వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, ఒక్క పేజీ తెరుచుకోవడం లేదు. ఒక షాపుకి ఫోన్ చేస్తే "ఫార్మాట్ చేయాలి, తీసుకురామ్మా" అన్నారు. మేము "ఐపీ రూట్" కొట్టి చూస్తే డిఫాల్ట్ లైన్లు రెండు. రాత్రి ఫోన్‌కి కేబుల్ పెట్టి ఫోన్ నెట్ వాడుకుంది. డేటా అయిపోయినా కేబుల్ అలాగే ఉంది. యంత్రం పాపం 100 ఉన్న ఆ దారిలోనే అన్నీ పంపుతూ కూర్చుంది. కేబుల్ పీకేశాం, అంతే. ఫార్మాట్ చేయించి ఉంటే ఆమె ప్రాజెక్టు పేజీలన్నీ పోయేవి.

నాలుగోది "పింగ్". ఒక నంబరుకి పలకరింపు పంపి జవాబు వస్తుందా అని చూస్తుంది. దీన్ని మైక్ మూస్ అనే ఆయన 1983లో రాశారు, ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. ముందు మన రూటర్ నంబరుని పలకరించాలి, తర్వాత 8.8.8.8 లాంటి బయటి నంబరుని, చివరికి ఒక వెబ్‌సైట్ పేరుని. రూటర్ పలికి బయటి నంబరు పలకకపోతే తప్పు మనది కాదు, కంపెనీకి చెప్పాల్సిందే. నంబరు పలికి పేరు పలకకపోతే దారి బాగుంది, పేరుకి నంబరు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కు. కొన్నిచోట్ల కావాలనే పింగ్‌కి జవాబు ఇవ్వరు కాబట్టి ఒక్క నంబరు చూసి తీర్పు చెప్పకండి. ఆపడానికి కంట్రోల్, సీ కలిపి నొక్కాలి.

"ఇదంతా కంప్యూటర్ సైన్స్ వాళ్ళ పని కదా" అని కొందరు అంటారు. రూటర్లు బిగించడం, నెట్‌వర్క్ కట్టడం వాళ్ళ పనే, ఒప్పుకుంటాను. కానీ జ్వరం వచ్చిందా లేదా చూసుకోవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు, థర్మామీటర్ చదవడం వస్తే చాలు. "ఏదో నొక్కి పాడుచేస్తామేమో" అని ఇంకో భయం. నేను చెప్పినట్టు రాస్తే ఈ నాలుగూ చూపిస్తాయి అంతే, దేన్నీ మార్చవు. మార్చే కమాండ్లకి ముందు సుడో అని రాసి పాస్‌వర్డ్ ఇవ్వాలి. అలా మార్చినవి కూడా ఐపీ కమాండుతో చేసినవైతే యంత్రం ఆపి మళ్ళీ పెట్టగానే పోతాయి. ల్యాబ్ యంత్రాల్లో మాత్రం మేడంని అడగకుండా ఏదీ మార్చవద్దు.

"సాహిత్యానికీ దీనికీ ఏం సంబంధం" అనేవాళ్ళకి రాడియా పెర్ల్‌మన్ గురించి చెప్పాలి. నెట్‌వర్క్‌లో కేబుళ్ళు వలయంగా కలిసి ఉంటే సమాచారం గానుగెద్దులా అక్కడే తిరుగుతుంది. దాన్ని ఆపే స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టింది ఈమే. 1985లో అచ్చయిన ఆ పరిశోధన వ్యాసంలో తన పద్ధతిని ఒక చిన్న కవితగా కూడా రాసి పెట్టింది. చెట్ల మీద ఉన్న ఒక పాత ఇంగ్లీషు కవితకి పేరడీ అది. నెట్‌వర్క్ గురించి ఆమె కవిత రాస్తే, కవిత్వం చదివే మనం నెట్‌వర్క్ గురించి నాలుగు మాటలు తెలుసుకోలేమా?

భాష కూడా అడ్డం కాదు. వెబ్ చిరునామా చివర తెలుగు లిపిలోనే .భారత్ అని పెట్టుకునే వీలు ఉంది. చిరునామాకి తెలుగు పనికొచ్చినప్పుడు వివరణకి ఎందుకు పనికిరాదు? కొత్త పదాలు పుట్టించాల్సిన పని కూడా లేదు. రూటర్‌ని రూటర్ అనే అందాం. గుమ్మం, డోర్ నంబరు, మీదుగా, పలకరింపు, ఈ మాటలు మా అవ్వకి కూడా తెలుసు.

డిపార్ట్‌మెంట్‌ని నేను అడిగేది రెండే. ఒకటి, ఈ నాలుగు కమాండ్లు, వాటి జవాబులకి అర్థాలు తెలుగులో ఒక పేజీలో రాసి ల్యాబులో, హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించాలి. రాయడానికి నేను సిద్ధం, కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ మేడంలు ఒకసారి దిద్దిపెడితే చాలు. రెండు, హాస్టల్ ఫిర్యాదుల పుస్తకంలో ఇకనుంచి "నెట్ లేదు" అని రాయకుండా "రూటర్ పలుకుతోంది, బయటి నంబరు పలకడం లేదు, రాత్రి 8 గంటలనుంచి" అని రాద్దాం. అలా రాస్తే బాగుచేయడానికి వచ్చినవాళ్ళు మన గదులకి కాకుండా నేరుగా అసలు చోటికి వెళ్తారు.

— ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని