మార్కులు ఎవరికి?

తిరుమలగిరి నుంచి ఆఫీసులకి వెళ్ళే ఆడవాళ్ళకి ఇప్పుడు ప్రోగ్రెస్ కార్డులు వస్తున్నాయి. బరువు, బి.పి., షుగర్ అన్నీ కలిపి, యాజమాన్యాల 'వెల్‌నెస్' కార్యక్రమం వందకి ఇన్ని మార్కులని తేలుస్తుంది. పరీక్షలు చేయించడాన్ని మనం కాదనం. ఇంటిల్లిపాది మందులూ గుర్తుపెట్టుకునే స్త్రీ తన బి.పి. చూపించుకునేది ఎప్పుడో గాని కాదు. అయితే ఈ అంకె ఏం చెబుతోంది, ఎవరికి చెబుతోంది?

బి.ఎమ్.ఐ. 24 ఉన్న స్త్రీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ కొలత ప్రకారం సరైన బరువే ఉంది. భారతీయుల కోసం 2009లో మన వైద్యులు సూచించిన కొలత ప్రకారం అధిక బరువు. శరీరం అదే, గీత జరిగింది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకి తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో (15-49 ఏళ్ళు) 57 శాతానికి పైగా రక్తహీనత కనిపించింది. క్లాసులో సగానికి పైగా ఫెయిలైతే తప్పు పిల్లలదేనా? కార్డు మాత్రం ఆకుకూరలు తినమంటుంది. రాత్రి షిఫ్టు గురించి, మరుగుదొడ్డి లేక నీళ్ళు తాగడం మానుకున్న గొంతు గురించి అందులో గడి ఉండదు.

ఇక ఎవరికి అన్న ప్రశ్న. నెలసరి, గర్భం వివరాలు సరిగా రాయలేదని ఎల్.ఐ.సి. ఒక ప్రొబేషనర్‌ని తీసేసింది. 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి తీసుకోమంది, ఆ ప్రశ్నలు తొలగించమంది. అప్పుడు దరఖాస్తు అడిగింది, ఇప్పుడు రక్తపు చుక్క చెబుతుంది.

రిపోర్టు ఆమెకే, తెలుగులో, డాక్టరు వివరించి ఇవ్వాలి. యాజమాన్యానికి పేర్లు లేని మొత్తం లెక్కలు చాలు. మార్కులకీ ప్రమోషన్‌కీ ముడిపెట్టమని వచ్చే శిబిరానికి ముందే రాతపూర్వకంగా హామీ తీసుకోవాలి.