బల్బు వెలిగితే ఎర్తు ఉన్నట్టేనా?

"ఎర్తు బ్రహ్మాండంగా ఉంది సారూ, బల్బు ఎట్ల వెలుగుతుందో చూడండి!" పెరట్లో గొయ్యి తవ్వి గొట్టం పాతిన తరువాత మన పల్లెల్లో జరిగే పరీక్ష చాలావరకు ఇదొక్కటే. బల్బుకు ఒకవైపు ఫేజు తీగ, మరోవైపు ఎర్తు తీగ. వెలిగితే పని పూర్తయినట్టు. ఈ పరీక్షను నమ్మడం శుద్ధ అవివేకమని నా వాదన.

లెక్క చూడండి. వంద వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 530 ఓములు. ఎర్తు నిరోధం 50 ఓములున్నా బల్బుకు 210 వోల్టులు దక్కుతాయి, నిక్షేపంగా వెలుగుతుంది. ఇక అదే ఎర్తుకు కలిపిన నీళ్ల మోటారులో ఫేజు తీగ ఒరుసుకుపోయి ఇనుప తొడుగుకు తగిలిందనుకోండి. 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది మామూలు లోడు, కిమ్మనదు. మోటారు తొడుగు మీద మాత్రం దాదాపు పూర్తి వోల్టేజి నిలిచే ఉంటుంది. తడి మడిలో వట్టికాళ్లతో నిలబడి దానిని ముట్టుకున్న మనిషిని ఆ వెలిగిన బల్బు కాపాడుతుందా?

50 ఓములు అతిశయోక్తి అనుకునేవారు నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల వైపు నేలను చూడాలి. ఎర్ర చల్క, దాని కింద బండ. చల్కలో తేమ నిలవదు. తేమలేని నేల విద్యుత్తును మోయదు. గొట్టం కనీసం రెండున్నర మీటర్లు ఉండాలని ఐ.ఎస్. 3043 ప్రమాణం చెబుతుంది. బండ అడ్డొస్తే నిలువుకు 30 డిగ్రీల వరకు ఏటవాలుగా పాతుకోమని దారి కూడా చూపింది. చాలాచోట్ల జరిగేదేమిటంటే, బండ తగలగానే గొట్టాన్ని రంపంతో కోసేసి మట్టి కప్పుతారు. ఉప్పూ బొగ్గూ వేశాం కదా అంటారు. (ఊరి పేరులో ఉప్పున్నంత మాత్రాన నేలలో ఉన్నట్టు కాదు!) వేసిన ఉప్పు నాలుగు వానలకు కరిగిపోతుంది, పోయేలోగా ఇనుమును తింటుంది.

ఇంకొందరు ఘనులు సాకెట్టులోనే ఎర్తును న్యూట్రల్‌తో కలిపేస్తారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిననాడు, మోటారు చెడిపోకున్నా దాని తొడుగుకు కరెంటు వస్తుంది.

తోట వైరింగుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండి తీరాలి. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ ఆ కొద్దిపాటి తేడా వచ్చినా అది తెంపేస్తుంది, 4.6 ఆంపియర్లు దానికి నూట యాభై రెట్లు. మరి ఎర్తు అక్కరలేదా? కావాలి. ఎర్తు తీగ లేకపోతే ఆ పరికరం పనిచేసేది మనిషి ముట్టుకున్నాకే. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకున్నవాడిని అదీ రక్షించలేదు, అది వేరే సంగతి.

వానపడ్డప్పుడల్లా పడిపోతున్నదని దానిని పీకేసి తీగలు నేరుగా కలిపే ఎలక్ట్రీషియన్లున్నారు. అయ్యా, అది పడిపోతున్నది తన లోపం వల్ల కాదు, జామచెట్టు కొమ్మకు చుట్టిన తీగలో టేపు వేసిన అతుకు తడుస్తున్నందువల్ల. ముందు ఆ అతుకును తీయించండి.