కొలువు పోవుట నేరమా?

మా జంగారెడ్డిగూడెము బస్సు స్టాండులో సాయంకాలము నిలిచి చూచువారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. చంటిబిడ్డను తన తల్లి చేతికిచ్చి, కన్నీరు కొంగున నొత్తుకొనుచు ఒక స్త్రీ హైదరాబాదు బస్సెక్కును. మఱునాటికి ఆమె కువైటునకో మస్కటునకో విమానమెక్కును. మెట్టపొలములలో పొగాకు పనులు కొన్ని మాసములే; తక్కిన మాసములకు అప్పే దిక్కు. ఆ యప్పు తీర్చుటకై ఏజంటునకు మఱియొక యప్పు చేసి యామె సముద్రము దాటుచున్నది. పోవునాడు వీధి యంతయు సాగనంపును. పని పోయి, జీతము రాక, వట్టిచేతులతో తిరిగివచ్చునాడు ఎదురుపోవువారు లేరు. ఆ రెండవ ప్రయాణమును గూర్చియే నేడు మేము వ్రాయుచున్నాము.

మన దేశమున పని పోయినవాడు మఱియొక పని వెదకుకొనును. గల్ఫు దేశములలో ఇంటిపని చేయు స్త్రీకి ఆ స్వేచ్ఛ లేదు. అచ్చటి కఫాలా పద్ధతిలో ఆమె నివాసపు హక్కు, అనగా మనవారు అకామా యనునది, యజమానికి ముడివేయబడి యున్నది. యజమాని దానిని రద్దుచేసినచో ఆమెకు నిలువ నీడ లేదు. జీతమీయడనియో, కొట్టుచున్నాడనియో ఇల్లు దాటినచో, పరారియైనదని ఆమెపై ఫిర్యాదు పడును. ఆ క్షణమునుండి ఆమె పనిమనిషి కాదు, అపరాధిని. జీతపు బాకీకై వ్యాజ్యము వేయవలయునన్న ఆ దేశమున నిలిచియుండవలయును. నిలిచియుండుటకు అకామా కావలయును. అకామా ప్రతివాది చేతిలో నున్నది! వాది ఉనికినే ప్రతివాది చేతిలో పెట్టి, న్యాయస్థానము తలుపులు తెరచియే యున్నవని చెప్పుట న్యాయమా, పరిహాసమా?

చట్టములు లేకపోలేదు. కువైటు ప్రభుత్వమువారు 2015లో ఇంటి పనివారికై 68వ చట్టమును చేసిరి. దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమునకొక దినము సెలవీయవలయుననియు అందు గలదు. 2016లో కనీసపు జీతము 60 దీనారములుగ నిర్ణయించిరి. 2021లో సౌదీ ప్రభుత్వమువారు యజమానిని మార్చుకొను నిబంధనలను సడలించిరి గాని, ఇంటి పనివారిని ఆ సడలింపు వెలుపలనే యుంచిరి. నాలుగు గోడలలోపల, భాష రాక, పాస్‌పోర్టు చేతిలో లేక పడియున్న స్త్రీకి కాగితముమీది చట్టము ఏమి రక్షణ యీయగలదు? గడువు దాటినవారికి కువైటువారు 2018లోను, 2020లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించిరి. జీతము బాకీపడినవాడు క్షమించువారి పక్షమున నుండగా, ఆ జీతము పోగొట్టుకొన్నవారు క్షమింపబడిరి!

ఇది క్రొత్త దాస్యము కాదు. 1860లో మదరాసునుండి బయలుదేరిన ఓడ మన తెలుగువారిని, అరవవారిని గిరిమిటు కూలీలుగ నేటాలు చేర్చెను. ఒడంబడిక ముగిసిన పిమ్మట వారు స్వేచ్ఛగ నిలుచుట దొరలకు కంటగింపయ్యెను. 1895లో చట్టము చేసి, తిరిగి గిరిమిటు వ్రాయుడు, లేదా ఇండియాకు పొండు, ఈ రెండును కాదన్నచో ఏటేట మూడు పౌనులు చెల్లింపుడనిరి. యజమాని లేని కూలి ఆ గడ్డపై నుండరాదన్నదే దాని సారము. దానిపై 1913లో గాంధీగారి నాయకత్వమున గనికూలీలు పని మాని చెరసాలలు నింపిరి. 1914లో ఆ పన్ను రద్దయ్యెను. గిరిమిటు పద్ధతిని మాన్పవలెనని గోఖలేగారు 1912లో శాసనసభలో పోరి ఓడిరి. అయినను 1917లో ఆ పద్ధతిపై కూలీలను పంపుట నిలిచిపోయెను. పరాధీనమైన జాతి అంత సాధింపగా, స్వతంత్ర రిపబ్లికు సాకులు చెప్పుట తగునా?

చదువుకొన్నవారి కష్టమును మేము మరువలేదు. అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్న ఉద్యోగికి కొలువు పోయినచో, 2017నుండి అమలులోనున్న నిబంధన ప్రకారము, గరిష్ఠముగ 60 దినముల గడువు గలదు. 2022, 2023 సంవత్సరములలో కంపెనీలు వేలకొలది ఉద్యోగులను తొలగించినపుడు ఆ గడువు మన మధ్యతరగతి గృహములకు నిద్ర లేకుండజేసినది. ఆ దుఃఖము నిజమైనది. ఉండు హక్కును ఉద్యోగమునకు ముడివేసిన ముడి రెండుచోట్లను ఒక్కటియే. కాని కొడుకు గడువుకై నిద్రమానిన మనము, గడువే లేని ఆడపడుచుకై ఒక్క రాత్రియైనను మేలుకొంటిమా?

వారు తమ యిష్టమున పోయిరి గదా యని కొందఱందురు. అప్పు తరుమగా పోవుట ఏపాటి యిష్టము? పరదేశపు చట్టము మన చేతిలో లేదని మఱికొందఱందురు. నిజమే; కాని ఏజంటు మన యూరివాడే, పుచ్చుకొన్న సొమ్ము మన రూపాయలే, 1983 నాటి వలసల చట్టము మన పార్లమెంటుదే. రిజిస్ట్రేషను లేక మనుష్యులను పంపువానికి రెండేండ్లవరకు శిక్ష వేయవచ్చునని అందు గలదు. విచారణకు కేంద్రప్రభుత్వ పూర్వానుమతి కావలయును గాని, వలసపోయినవారో, వారి తల్లిదండ్రులు, భార్యాభర్తలు, బిడ్డలు, తోబుట్టువులో ఫిర్యాదు చేసినచో ఆ యనుమతి యక్కరలేదని 27వ సెక్షను చెప్పుచున్నది. మన గ్రామములలో ఈ సంగతి ఎందఱెరుగుదురు?

పది తప్పిన స్త్రీలు 30 ఏండ్లు నిండక ఇంటిపనికి గల్ఫు పోరాదని ప్రభుత్వమువారి నిబంధన. ఉద్దేశము మంచిదే. కాని ఆకలి వయస్సు చూడదు. దళారి సందర్శకుల వీసాపై వారిని దాటించుచున్నాడు. అట్లు పోయినవారికి ఒడంబడికయు లేదు, బీమాయు లేదు. సక్రమముగ పోయినవారికి ప్రమాదమరణమునకు 10 లక్షల బీమా గలదు. ఎగగొట్టబడిన జీతమునకు మాత్రము లేదు. చచ్చినచో విలువ, బ్రతికియున్నచో లేదా?

1983 చట్టమునకు మారుగ క్రొత్తది చేయుటకు 2019లోను 2021లోను ముసాయిదాలు ప్రకటింపబడినవి. ఏ చట్టము చేసినను ఈ మూడును అందుండవలయునని మా కోరిక. ఒడంబడిక తెలుగున వ్రాయబడి, దాని ప్రతి కుటుంబము చేతిలో నుండవలయును. పని పోయి తిరిగివచ్చినవారి జీతపు వ్యాజ్యమును వారి తరఫున మన రాయబారకార్యాలయమే అచ్చట నడుపవలయును. తీర్పు వచ్చులోపల బాకీలో కొంతయైన సంక్షేమనిధినుండి చెల్లించి, పిదప ఏజంటు ధరావతునుండి రాబట్టవలయును. 2009లో ఏర్పడిన ఆ నిధి రాయబారకార్యాలయములలో ప్రజలు చెల్లించు రుసుములతో నిండినదే. వారి సొమ్ము వారికిచ్చుట దానము కాదు.

ప్రభుత్వము మేలుకొనువరకు మనము నిద్రింపనక్కరలేదు. ఊరూర వాలంటీరులు ఒక పుస్తకమునుంచి, పోవువారి పేరు, పాస్‌పోర్టు సంఖ్య, ఏజంటు పేరు, ఇచ్చిన సొమ్ము వ్రాసికొనుడు. రసీదు లేనిదే రూపాయి ఈయవలదని చెప్పుడు. మోసపోయినవారి వెంట పోలీసు స్టేషనుకు నడువుడు. తోటి ప్లీడర్లారా, ఆ కేసులకు ఫీజు పుచ్చుకొనకుడు. సాగనంపిన యూరే ఎదురుపోవలయును. తలవంచుకొని బస్సు దిగు ఆ సోదరి ఏ నేరమును చేయలేదు.