అశ్వదళం ఊరేగింపుల వరకే చాలు

రోడ్ల మీద వాహనాలు పెరిగాయని ముంబై పోలీసులు 1932లో అశ్వదళాన్ని ఎత్తేశారు. జనం గుమిగూడిన చోట ఎత్తు నుంచి కన్నేసి ఉంచడానికి పనికొస్తుందని 2020 జనవరిలో మళ్లీ తెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో పోలీసు గుర్రాలు అలా కనుమరుగు కాలేదు. మొహర్రం నాటి బీబీకా ఆలం ఊరేగింపులో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇప్పుడు నగరం పడమటికి మొయినాబాద్, జన్వాడ, మోకిల దాకా పాకింది. ఈ కొత్త నగరానికి కూడా గుర్రపు గస్తీ పెడితే బాగుంటుందా? లెక్క వేసి చూస్తే, వద్దనే చెప్పాలి.

గుర్రం మీది పోలీసుకు ఉన్న బలాన్ని తక్కువ చేయడం లేదు. పాతబస్తీ ఇరుకు సందుల్లో, వేలమంది నడిచే ఊరేగింపులో, తలల మీదుగా చివరిదాకా చూడగలిగేది అతనొక్కడే. జీపు అక్కడ కదలదు. నడిచి వెళ్లే పోలీసు కన్నా గుర్రం మీది పోలీసును జనం ఎక్కువగా పలకరిస్తారని 2014లో బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం కూడా తేల్చింది. పిల్లలు గుర్రాన్ని చూసి ఆగడం మనమూ చూస్తున్నదే.

అయితే గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. పెట్రోలు బండిని షెడ్డులో పెడితే ఖర్చు ఆగుతుంది, గుర్రానికి సెలవు రోజైనా మేత పడాల్సిందే. రోజుకు తొమ్మిది పది కిలోల మేత, దాణా. ముప్పై నలభై లీటర్ల నీళ్లు. ఐదారు వారాలకోసారి నాడాలు విప్పి, పెరిగిన గిట్ట చెక్కి, మళ్లీ కొట్టాలి. సైసులు, పశువైద్యుడు, సవారీ నేర్పేవాళ్లు, జీను, కళ్లెం, తరలించడానికి ప్రత్యేకమైన లారీ. కడుపునొప్పి ముదిరితే గంటల్లో ప్రాణం పోతుంది. ఏప్రిల్, మే ఎండలో తారురోడ్డు మీద దాన్ని ఎంతసేపు నడిపించగలం? ఇంతా చేస్తే దక్కేది రోజుకు కొద్ది గంటల గస్తీ.

రూపాయల్లో తేలని ఖర్చు ఇంకొకటి. 2016 మార్చిలో డెహ్రాడూన్ నిరసనలో పోలీసు గుర్రం శక్తిమాన్ కాలు విరిగింది. ఆ కాలు తీసేసి కృత్రిమ కాలు అమర్చినా ఏప్రిల్ 20న చనిపోయింది. మన గొడవల మధ్యకు నోరులేని జీవాన్ని తోలేటప్పుడు ఆ సంగతి మరవకూడదు.

ఇక స్థలం. నగరం నడిబొడ్డున ఖాళీ జాగా దొరకడం ఎంత కష్టమంటే, ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు గోషామహల్‌లోని పోలీసు మైదానాన్నే తీసుకున్నారు. 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. రోగులకు పడకలు కావాల్సిన చోట గుర్రాలకు పెద్దపీట వేయమని ఎవరూ అడగలేరు. జన్వాడ వైపు వస్తే జాగా ఉంటుంది కదా అనవచ్చు. ఇక్కడ ఎకరం ధర ఎంతకు చేరిందో స్థానికులకు తెలుసు. పైగా గండిపేట జలాశయం పరీవాహక ప్రాంతమిది. లాయం కడిగిన నీళ్లు ఎటు పోతాయో ముందే చూసుకోవాలి. లద్దెను మాత్రం మొయినాబాద్ పూలతోటల రైతులు వద్దనరు.

అసలు ఈ ప్రాంతానికి ఏ పోలీసు కావాలి? 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ ప్రమాదం జరిగిన హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు విస్తరణ ఏళ్ల తరబడి నానింది, టిప్పర్ల జోరు మాత్రం ఆగలేదు. బరువు తూచే యంత్రం, వేగం పట్టే కెమెరా, రాత్రిపూట తనిఖీ చేసే సిబ్బంది ఇక్కడ ప్రాణాలు నిలుపుతాయి. 2024 ఫిబ్రవరిలో జన్వాడలో రోడ్డు పనుల దగ్గర రేగిన వివాదం ప్రార్థన మందిరంపై దాడి దాకా వెళ్లి, 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అలాంటివి ముదరకముందే ఆపాలంటే ఊళ్లో నలుగురి పేర్లు తెలిసిన కానిస్టేబుల్ కావాలి. గుర్రపు డెక్కల చప్పుడు అక్కడ భయం పెంచుతుందే కానీ మాట కలపదు. బుల్కాపూర్ నాలా గట్ల వెంబడి, చెరువు శిఖం భూముల్లో జీపు వెళ్లలేని మాట నిజమే. ఆక్రమణలు కనిపెట్టడానికి అక్కడికి మోటారు సైకిలు పోతుంది, డ్రోన్ ఎగురుతుంది.

ఉన్న అశ్వదళాన్ని మంచి మేతతో, మంచి వైద్యంతో పాతబస్తీ ఊరేగింపులకు ఉంచుకుందాం. సర్కారు కొత్తగా ఒక్క గుర్రం కొనాలన్నా, ఇప్పుడున్న ఒక్కో గుర్రానికి ఏడాదికి ఎంత ఖర్చవుతోందో, అది ఎన్ని గంటలు విధుల్లో ఉంటోందో ముందుగా జనం ముందు పెట్టాలి. ఆ పక్కనే చేవెళ్ల, మొయినాబాద్, మోకిల ఠాణాల్లో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో కూడా చెప్పాలి.