శక్తి తగ్గకుండా తిరిగొచ్చిన ఎలక్ట్రాన్‌

చిక్కడపల్లి సెంట్రల్‌ లైబ్రరీలో కుర్చీ దొరకడమే గగనం. పోటీ పరీక్షలవాళ్ల మధ్య ఫిజిక్స్‌ నోట్సు వల్లె వేసేవాళ్లూ ఉంటారు. డేవిసన్‌-జెర్మర్‌ ప్రయోగం రాగానే వాళ్లు గట్టిగా పట్టుకునేవి రెండే అంకెలు... 54 వోల్టులు, 50 డిగ్రీలు. నారాయణగూడ కాలేజీల్లో ఇంటర్‌ ఎంపీసీ చదివినవాళ్లకూ ఇవి కొత్త కాదు. ఇంతకీ ఆ అంకెల వెనుక కథేంటి?

అశోక్‌నగర్‌లో పిల్లలు కొట్టిన టెన్నిస్‌ బంతి రోడ్డుమీద ఆగివున్న ఆర్టీసీ బస్సుకు తగిలిందనుకోండి. బంతి వెనక్కొస్తుంది, బస్సు కదలదు. నికెల్‌ పరమాణువు కూడా ఎలక్ట్రాన్‌ కంటే లక్ష రెట్లకు పైగా బరువు. అందుకే దాన్ని తాకిన ఎలక్ట్రాన్‌ దారి మళ్లుతుంది కానీ, శక్తి దాదాపు తగ్గదు. 54 ఎలక్ట్రాన్‌ వోల్టులతో వెళ్లి, నేరుగా వెనక్కి తిరిగినా పరమాణువుకు ఇచ్చేది 0.002 మాత్రమే. ఇదే స్థితిస్థాపక పరిక్షేపణం. అన్ని ఎలక్ట్రాన్లకూ ఈ అదృష్టం ఉండదు. లోహంలోని తోటి ఎలక్ట్రాన్లను ఢీకొని శక్తి పోగొట్టుకునేవే ఎక్కువ.

1925లో న్యూయార్క్‌లో డేవిసన్‌, జెర్మర్‌ నికెల్‌ ముక్కపై ఎలక్ట్రాన్లను ప్రయోగిస్తుండగా ద్రవ వాయువు సీసా పేలింది. గాజు గొట్టం పగిలి గాలి దూరింది. వేడిగా ఉన్న నికెల్‌కు ఆక్సైడ్‌ పట్టింది. దాన్ని వదిలించాలని బాగా కాల్చారు. చిన్న చిన్న స్ఫటికాలు కలిసిపోయి కొన్ని పెద్ద స్ఫటికాలయ్యాయి. అంతే, తిరిగొచ్చే ఎలక్ట్రాన్ల తీరే మారిపోయింది!

ఆ తర్వాత ఒకే నికెల్‌ స్ఫటికంతో ప్రయోగం చేస్తే, 1927లో అసలు సంగతి తేలింది. డి బ్రోలీ చెప్పినట్టు ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉంది. శక్తి మారలేదు కనుక తరంగదైర్ఘ్యమూ మారదు. పరమాణువుల వరుసల నుంచి వచ్చిన అలలు ఒకదానికొకటి తోడై 50 డిగ్రీల దగ్గర బలపడ్డాయి. డి బ్రోలీ లెక్క ప్రకారం తరంగదైర్ఘ్యం 1.67 ఆంగ్‌స్ట్రామ్‌లు. ప్రయోగంలో వచ్చింది 1.65. డేవిసన్‌కు 1937లో నోబెల్‌ బహుమతి దక్కింది.

ఎలక్ట్రాన్‌ మైక్రోస్కోపులో లోహాన్ని పరిశీలించేవారికి ఇప్పటికీ ఇదే ఆధారం. బరువైన పరమాణువులు ఎక్కువ ఎలక్ట్రాన్లను వెనక్కి మళ్లిస్తాయి కాబట్టి, అవి ఉన్నచోట బొమ్మ కాంతిమంతంగా కనిపిస్తుంది. మిశ్రమ లోహంలో బరువైన మూలకాలు ఎక్కడున్నాయో తెలిసేది అలాగే.

ఈసారి 54, 50 బట్టీ పట్టేటప్పుడు ఆ పగిలిన గొట్టాన్నీ తలచుకోండి. అంకెలు మరచిపోవాలన్నా మరపురావు.