బకెట్‌లో ఆ మూతెడు మందు పోయకండి

శాలిబండ, లాల్ దర్వాజ, గౌలిపురా, అలియాబాద్ గల్లీల అక్కలారా, అన్నలారా!

నేను మీ గల్లీ మందుల దుకాణంవాణ్ణి. చలి మొదలైందంటే మా కౌంటర్ దగ్గర ఒకటే మాట: "ఒళ్లంతా దురద, ఆ ట్యూబ్ ఇయ్యి." మొన్న ఒక పెద్దమ్మ మనవణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వాడు మోకాలి కింద గోరుతో గీసి తన పేరు రాసి నాకు చూపించాడు. పలక మీద బలపంతో రాసినట్టు తెల్లగా పడింది, చర్మం అంత ఎండిపోయింది. స్నానం ఎట్లా చేయిస్తున్నావని అడిగాను. పొగలొచ్చే బోరు నీళ్లు, అందులో మూతెడు క్రిమిసంహారక మందు, ఆపైన సబ్బు రెండుసార్లు. "క్రిములు చావాలె గద బిడ్డా!" అంది.

అన్నీ చావొద్దు పెద్దమ్మా. మన ఒంటి మీద కాపురముండే క్రిముల్లో ఎక్కువ మంచివే. స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అని ఒకటుంది. చర్మంలో తేమను పట్టి ఉంచే సెరమైడ్ అనే కొవ్వు తయారవడానికి అది సాయపడుతుందని 2022లో అమెరికా పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. దాని దాయాది ఆరియస్ పుళ్లు పెట్టే రకం. ఎగ్జిమా అనే దురద జబ్బు ఉన్నచోట దానిదే పెత్తనం. మంచివాటికి కాస్త పులుపు కావాలి. పులుపును పీహెచ్ అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటే, మామూలు సబ్బుది 9, 10. బోరు నీళ్ల సున్నంతో సబ్బు కలిస్తే తెట్టు కడుతుంది. బకెట్ అంచున తెల్లగా పేరుకునేది ఒంటి మీదా మిగులుతుంది.

క్రిములను చంపుతామనే సబ్బులు మామూలు సబ్బు కన్నా మేలని కంపెనీలు రుజువు చూపలేకపోయాయి. అందుకే 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను అమెరికా అలాంటి సబ్బుల్లోంచి తీసేయించింది.

ఇక ట్యూబ్. మీరడిగేది చాలాసార్లు స్టెరాయిడ్. రాస్తే రెండ్రోజుల్లో దురద పోతుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మానేస్తే మంట తిరగబెడుతుంది. 2018 నుంచి ఇలాంటివి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. నేనూ ఒకప్పుడు చీటీ అడగకుండా ఇచ్చినవాణ్ణే, ఒప్పుకుంటున్నా.

ఫోన్‌లో చూసి మంచి క్రిములను పెంచుతుందనే "మైక్రోబయోమ్ క్రీమ్" అడిగే పిల్లలూ వస్తున్నారు. అమ్మితే నాకు లాభమే. కానీ ముందు ఉన్నవాటిని చంపడం మానండి. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల్లో స్నానం. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు, పీచు వద్దు. తువ్వాలుతో అద్దుకుని, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే వాజెలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాయండి. వేడి చేయకుండా తీసిన కొబ్బరినూనె రాస్తే ఎగ్జిమా చర్మం మీద ఆరియస్ తగ్గిందని 2008లో ఫిలిప్పీన్స్ వైద్యులు చెప్పారు. ఐదు పూటలా నమాజుకు ముందు వజూ చేసే భాయీలు, పొద్దంతా గిన్నెలు తోమే అక్కలు చిన్న వాజెలిన్ డబ్బా ఒకటి దగ్గర పెట్టుకోండి.

చీము పట్టినా, రసి కారినా ఉస్మానియా దవాఖానలో చర్మం డాక్టర్లకు చూపించండి. వాళ్లు చీటీ రాస్తే ట్యూబ్ ఇస్తా. కొబ్బరినూనె సీసా మాత్రం నా దగ్గర లేదు, పక్క కిరాణాలో అడగండి.